రిజిస్టరులో చివరి మాట ఎవరిది?

1968 జూన్ 3వ తేదీన బీహారులోని ముజఫర్‌పూరు సెషన్సు కోర్టు రుదుల్ సాహ్ అనే ఖైదీని నిర్దోషి అని తీర్పు చెప్పింది. అతను జైలు గేటు దాటి బయటికి వచ్చింది 1982 అక్టోబరు 16న. అంటే నిర్దోషి అయిన తర్వాత పధ్నాలుగేళ్లకు పైగా ఆ మనిషి జైల్లోనే వున్నాడు.

ఎందుకున్నాడు? సుప్రీంకోర్టు ఇదే ప్రశ్న వేస్తే జైలరు ఒక ప్రమాణపత్రం దాఖలు చేశాడు. దాని ప్రకారం సెషన్సు కోర్టే తన ఉత్తర్వులో, ప్రభుత్వమూ జైళ్ల ఇన్‌స్పెక్టరు జనరలూ తదుపరి ఉత్తర్వు ఇచ్చేదాకా అతన్ని జైల్లో వుంచమన్నదట. ఖైదీకి మతి స్థిమితం లేదట. 1977 ఫిబ్రవరిలో అతను స్వస్థుడేనని సివిల్ సర్జన్ చెప్పాడు. ఆ సంగతి ప్రభుత్వ న్యాయశాఖకు తెలియజేశారు. ఆ తర్వాత కూడా అయిదున్నర సంవత్సరాలు గడిచాయి. అసలు మతి లేదన్నది ఎవరు తేల్చారు, ఏ ఆధారంతో తేల్చారు, ఏం వైద్యం చేశారు అంటే సరైన జవాబు లేదు. 1983 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అంతకు ముందు ముట్టిన 5 వేలు కాక మరో 30 వేల రూపాయలు ఇప్పించింది. పధ్నాలుగేళ్ల మనిషి బ్రతుకుకు అది తాత్కాలిక పరిహారం.

న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసును నష్టపరిహారం కోసం చదువుతారు. నేను పద్యాలకు అర్థాలు చెప్పుకు బ్రతికేవాణ్ణి. నాకు దీనిలో కనిపించేవి మూడు పుస్తకాలు. కోర్టు పుస్తకంలో ఆ కేసు ముగిసిపోయింది. జైలు పుస్తకంలో ఆ మనిషి రోజూ హాజరు పలుకుతున్నాడు. సచివాలయం ఫైలులో అతను 'పరిశీలనలో' వున్నాడు. మూడు పుస్తకాల్లో ఒక్కటీ అబద్ధం చెప్పటం లేదు. మనిషి మాత్రం మూడింటి మధ్యా నలిగిపోయాడు.

ఇప్పుడు ఈ పుస్తకాలన్నిటినీ ఒక్కటి చేస్తామంటున్నారు. ఆ ప్రయత్నానికి మన వరంగల్లు నాంది. పోలీసు స్టేషనులో రాసిన ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు కంప్యూటరులోనే కోర్టుకు చేరటం, కోర్టు వేసిన కేసు నంబరూ చెప్పిన తీర్పూ తిరిగి పోలీసుకు చేరటం అన్న ఏర్పాటును 2018 డిసెంబరులో ప్రయోగంగా ప్రారంభించింది ఆ జిల్లాలోనే. దీనికి 'ఇంటర్ ఆపరబుల్ క్రిమినల్ జస్టిస్ సిస్టం' అని పేరు. పోలీసు, కోర్టు, జైలు, ప్రాసిక్యూషను, నేరపరిశోధక ప్రయోగశాల అనే అయిదింటిని దీనికి అయిదు స్తంభాలంటారు. రెండవ దశకు 2022లో కేంద్ర ప్రభుత్వం 3,375 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దాని నినాదం ఏమిటంటే ఒక సమాచారాన్ని ఒక్కసారే ఎక్కించాలి, అందరూ దాన్నే వాడుకోవాలి.

వినటానికి ఎంత సుఖంగా వుంది! రుదుల్ సాహ్ కాలంలో ఇలాంటిది వుండి వుంటే అతని బ్రతుకు అలా అయ్యేది కాదేమో అనిపిస్తుంది కూడా. యంత్రం మీద నాకు కోపం లేదు. యంత్రాన్ని చూసి బెదరటం అభ్యుదయవాది లక్షణం కాదు. కాని ఒక్కసారే ఎక్కించే ఆ మాటను ఎక్కించేది ఎవరు? పోలీసు స్టేషనులో రైటరు. దాన్ని దిద్దే అధికారం ఎవరిది? అయిదు స్తంభాల్లో కోర్టు కూడా ఒక స్తంభమేనా, లేక మిగతా నాలుగింటి మీదా మాట చెల్లవలసిన స్థానమా? ఈ ప్రశ్న కంప్యూటరుతో పుట్టింది కాదు. దీనికి నూటయాభై ఏళ్ల పైబడిన చరిత్ర వుంది. ఆ చరిత్ర తెలియకుండా ఈ కొత్త పుస్తకం విలువ కట్టలేం.

పోలీసూ న్యాయాధికారీ కలిసి నడిపిన మొదటి పెద్ద రిజిస్టరు 1871లో నేరస్థ జాతుల చట్టం కింద పుట్టింది. ఒక తెగను మొత్తంగా నేరస్థ తెగ అని ప్రభుత్వం ప్రకటించవచ్చు. ప్రకటించాక ఆ తెగలో వాళ్ల పేర్లతో జాబితా తయారుచెయ్యవలసింది జిల్లా మేజిస్ట్రేటు. ఫలానా రోజున వచ్చి పేరు రాయించుకోమని నోటీసు ఇచ్చేదీ అతనే, రాకపోతే నేరం. తయారైన రిజిస్టరును భద్రపరిచేది జిల్లా పోలీసు సూపరింటెండెంటు. నా పేరు తప్పుగా ఎక్కిందని ఎవరైనా మొరపెట్టుకోదలిస్తే, మొరపెట్టుకోవలసిందీ ఆ మేజిస్ట్రేటుకే. ఇక కోర్టులు? ఆ ప్రకటన చెల్లదని ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదని చట్టంలోనే ఒక సెక్షను పెట్టారు. ప్రకటన వెలువడటమే అది సక్రమంగా వెలువడిందనడానికి తిరుగులేని రుజువు!

ఇక్కడ కొంచెం ఆగాలి. మేజిస్ట్రేటు అనగానే మన విద్యార్థులు నల్లకోటు న్యాయాధికారిని ఊహించుకుంటారు. ఆనాటి జిల్లా మేజిస్ట్రేటు అంటే కలెక్టరు. శిస్తు వసూలు చేసేది ఆయన, పోలీసుమీద అజమాయిషీ ఆయనది, శిక్ష వేసేదీ ఆయన. న్యాయాన్నీ కార్యనిర్వహణనూ విడదీయాలని కాంగ్రెసు తన తొలి రోజులనుంచీ కోరుతూ వచ్చింది ఇందుకే. రాజ్యాంగంలో 50వ అధికరణంగా ఆ కోరిక ఎక్కింది. దేశమంతటా క్రిమినల్ కోర్టుల మేజిస్ట్రేట్లు హైకోర్టు కిందికి పూర్తిగా వచ్చింది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాకనే. అంటే నూరేళ్లపాటు 'పోలీసు రికార్డు - కోర్టు రికార్డు' అన్న భేదం పల్లెటూరి మనిషి దృష్టిలో లేదు. రెండూ దొరవారి రికార్డే.

1871 చట్టం మొదట ఉత్తరాదిన అమలయింది. 1911లో కొత్త చట్టం చేసి దేశమంతటికీ విస్తరింపజేశారు. మద్రాసు రాష్ట్రమూ దానిలో పడింది. మన ఎరుకల కుటుంబాల మీద ఆ బరువు పడింది అప్పుడే. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీవారి చేత నడిపించిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం బిడ్డే. మద్రాసు ప్రభుత్వ కార్యవర్గ సభ్యుడు సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. హాజరు పలకటం, చెప్పకుండా ఊరు దాటరాదనటం, వేలిముద్రలు ఇవ్వటం, ఇవన్నీ నేరం చేసినందుకు కాదు, పుట్టినందుకు. పాత తెలుగు సినిమాల్లోనూ డిటెక్టివు నవలల్లోనూ ఆ ఊరి పేరును భయంకర రసానికి వాడుకున్న మనవాళ్లు, ఆ పేరు ఒక బ్రిటిషు అధికారిదని ఎన్నడైనా తలచారో లేదో.

వేలిముద్రల సంగతి వచ్చింది కనుక ఒక మాట. ప్రపంచంలో మొదటి వేలిముద్రల కార్యాలయాల్లో ఒకటి 1897లో కలకత్తాలో ఏర్పడింది. ఎడ్వర్డు హెన్రీ పేరు మీద చలామణి అయిన వర్గీకరణ పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల లెక్కలున్నాయి. ఆ కార్యాలయం చేసిన పని ఏమిటి? ఇప్పుడు బోనులో నిలబడ్డవాడు లోగడ శిక్షపడినవాడేనా కాదా అని తేల్చటం. అంటే ఒక కోర్టు నిన్న అన్న మాటను ఇంకో కోర్టుకు నేడు అందజేయటం. రికార్డు చెయ్యగల సక్రమమైన పని ఇదే. నేరస్థ జాతుల రిజిస్టరు దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ కోర్టు ఏ మాటా అనకముందే మనిషి పేరు ఎక్కుతుంది. వేలిముద్ర ఒక్కటే, కార్డు ఒక్కటే, భద్రపరిచే చెయ్యీ ఒక్కటే. కాని ఒక దాని వెనక విచారణ జరిగిన తీర్పు వుంది, రెండవదాని వెనక అనుమానం మాత్రమే వుంది. నా వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడాలోనే వున్నది.

మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నాటికీ నేరస్థ జాతుల చట్టం రద్దయింది. దాని స్థానంలో అలవాటుపడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. మద్రాసు చట్టం 1948లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ చట్టం 1962లో వచ్చింది. కనీసం కాగితం మీద వీటికి పుట్టుక ఆధారం కాదు, కోర్టు వేసిన శిక్షలు ఆధారం. ఇది చిన్న మార్పేమీ కాదు. కాని స్టేషను బీరువాలో వున్న హిస్టరీ షీట్లు ఏ చట్టం రద్దు చేసినా రద్దు కాలేదు. మనం రోజూ వాడే 'రౌడీ షీటు' అన్న మాట చూడండి. ఏ శాసనసభా దాన్ని పుట్టించలేదు. పోలీసువారు తమకు తాము రాసుకున్న స్టాండింగు ఆర్డర్ల లోంచి పుట్టి, పత్రికల్లోకి, అక్కడినుంచి మన అమ్మమ్మల నోటిలోకి వచ్చేసింది. షీటు తెరవటం సులువు. మూయటం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఖడక్ సింగ్ అనుభవించాడు. ఉత్తరప్రదేశంలో 1941లో ఒక దోపిడీ కేసులో అతన్ని పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. కేసు కోర్టుదాకా కూడా రాలేదు. అయినా అతని పేరు మీద హిస్టరీ షీటు తెరిచారు. అప్పటినుంచీ అర్ధరాత్రి చౌకీదార్లూ కానిస్టేబుళ్లూ వచ్చి తలుపు కొట్టటం, నిద్రలేపి వున్నాడో లేదో చూసుకోవటం, ఊరు వెళితే ముందుగా చెప్పాలనటం. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, ఎన్నికలు వచ్చాయి. ఖడక్ సింగ్ తలుపు మీద దెబ్బ మాత్రం ఆగలేదు. అతను సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇళ్లమీదికి రావటం చెల్లదని అందరూ అన్నారు. మిగతా నిఘా అంతా చెల్లుతుందని నలుగురు అన్నారు; గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నారు.

కాదన్నది ఇద్దరు. వారిలో తీర్పు రాసినవాడు మన కోకా సుబ్బారావు. గుంటూరులో 1954లో కూర్చున్న ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయన. ఆస్తి హక్కు విషయంలో, ముఖ్యంగా 1967లో గోలక్‌నాథ్ కేసులో, ఆయన పట్టిన దారితో మనకు పేచీ వుంది, వుండాలి కూడా. కాని ఈ కేసులో ఆయన చూపు సూటిగా పడింది. వెంట నీడలా పోలీసు తిరుగుతూంటే కాళ్లకు సంకెళ్లు లేకపోయినంత మాత్రాన ఆ మనిషి స్వేచ్ఛగా వున్నట్టు కాదనీ, అతనికి దేశమంతా జైలేననీ ఆయన భావం. ఆ నిబంధన మొత్తం చెల్లదన్నాడు. ఓడిపోయిన ఆ మాట యాభైఅయిదేళ్లు పుస్తకాల్లో పడివుంది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు, గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు, 1962 నాటి ఆ నలుగురి వాదం తప్పని తోసిపుచ్చారు.

మధ్యలో 1980 డిసెంబరులో మరో తెలుగు న్యాయమూర్తి, ఓ. చిన్నపరెడ్డిగారు, మలక్ సింగ్ కేసులో పంజాబు పోలీసుల నిఘా రిజిస్టరును పరిశీలించారు. పేరు ఎక్కించేముందు ఆ మనిషిని పిలిచి అడగనక్కరలేదన్నారు. ఆ రిజిస్టరు రహస్యంగానే వుండవచ్చన్నారు. అయితే సహేతుకమైన నమ్మకం లేకుండా ఎవరి పేరూ ఎక్కించటానికి వీల్లేదనీ, నిఘా మనిషి గౌరవాన్ని తొక్కేటట్టు వుండరాదనీ, హద్దు దాటితే కోర్టు చూస్తుందనీ అన్నారు. శ్రమజీవుల పక్షాన నిలబడిన న్యాయమూర్తిగా మనం గౌరవించే ఆయన కూడా, రిజిస్టరులోకి పోయే దారిలో కోర్టును కాపలా పెట్టలేదు, తర్వాత మొర వినే స్థానంలోనే వుంచారు. ఈ మాట ఆయన మీద గౌరవంతోనే అంటున్నాను. ఆనాటికి రిజిస్టరు అంటే ఒక స్టేషనులో ఒక అట్టపుస్తకం. ఆ ఊరి హెడ్డు కానిస్టేబులు బదిలీ అయితే దానిలో సగం జ్ఞాపకం బదిలీ అయిపోయేది. దేశంలోని 16 వేలకు పైగా స్టేషన్ల పుస్తకాలు ఒక్క తెర మీద కనిపించే రోజు వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఇంతవరకూ చదివి, కోర్టులు వర్గాలకు అతీతమైన దేవాలయాలని నేను చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసు చూడండి. ఆ జనవరిలో ఒక ఇంగ్లీషు దినపత్రికలో బీహారు జైళ్లను గురించి వ్యాసాలు పడ్డాయి. వాటిని పట్టుకుని న్యాయవాది కపిలా హింగోరానీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. తాము చేశారంటున్న నేరానికి గరిష్ఠంగా పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ లేకుండా జైల్లో మగ్గినవాళ్లు బయటపడ్డారు. ఆడవాళ్లూ పిల్లలూ కూడా వున్నారు. సుప్రీంకోర్టు నివ్వెరపోయింది. కాని ఒక ప్రశ్న అడగాలి. విచారణ ఖైదీని పదిహేను రోజులకోసారి రిమాండు పొడిగిస్తే తప్ప జైల్లో వుంచకూడదు. ఆ పొడిగింపు కాగితం మీద సంతకం ఎవరిది? మేజిస్ట్రేటుది. అంటే ఆ మనుషులు అక్కడ వున్న సంగతి కోర్టు పుస్తకాల్లోనే వుంది. దేశపు అత్యున్నత న్యాయస్థానానికి తన కింది కోర్టుల సంతకంతో జైల్లో వున్నవాళ్ల సంగతి దినపత్రిక చెబితే గాని తెలియలేదు! పూచీకత్తు పెట్టుకోగలవాడికి వాయిదా ఒక తేదీ. లేనివాడికి అదే ఒక బ్రతుకు. 2022 చివరి లెక్కల్లో కూడా దేశంలోని ఖైదీలు 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైగా.

కనుక కోర్టు రికార్డు పవిత్రమని కాదు. దానికీ పోలీసు రికార్డుకూ వున్న తేడా వేరు. కోర్టు రికార్డు బహిరంగంగా పుడుతుంది, ముద్దాయి ఎదురుగా, అతని వకీలు నోరు విప్పగా పుడుతుంది, కారణాలు రాయాలి, నకలు ఇవ్వాలి, పై కోర్టులో కొట్టివేయించవచ్చు. పోలీసు షీటుకు ఈ లక్షణాల్లో ఒక్కటీ లేదు. ఈ రెండింటినీ ఒక సంచిలో వేసి కుట్టినప్పుడు ఏది దేనికి లొంగాలి?

సంచిలో వేసినప్పుడు ఏమవుతుందో కొంచెం వివరంగా చూద్దాం. ఎఫ్.ఐ.ఆర్. కంప్యూటరులో పుడుతుంది. అదే ఛార్జిషీటుకు తల్లి. కోర్టు తన సాఫ్టువేరులో కేసు నమోదు చేసేటప్పుడు పేర్లూ సెక్షన్లూ మళ్లీ కొట్టనక్కరలేదు, అక్కడినుంచే లాక్కోవచ్చు. బెంచి గుమాస్తాకు శ్రమ తగ్గుతుంది, నిజమే. కాని తండ్రి పేరు తప్పు పడితే, వయసు పదిహేడుకు బదులు పంతొమ్మిది పడితే, కులం గడిలో పోలీసు తన ఊహ రాస్తే, ఆ తప్పు ఇక ఒక పుస్తకంలో తప్పు కాదు. కోర్టులో, జైల్లో, ప్రాసిక్యూటరు బల్లమీద అదే తప్పు నిజమై కూర్చుంటుంది. లోగడ నాలుగు కార్యాలయాలు నాలుగుసార్లు రాసుకునేవి గనుక కనీసం తేడా వచ్చి ప్రశ్న పుట్టేది. వకీళ్లు ఎన్ని కేసులు ఆ తేడాల మీదనే గెలిచారు! ఇప్పుడు తేడాయే రాదు.

రెండవది, జడ్జి కళ్లు. ముద్దాయి చెడ్డవాడని రుజువు చెయ్యటం వల్ల అతను ఈ నేరం చేశాడని రుజువు కాదన్నది 1872 సాక్ష్య చట్టం మనకు నేర్పిన నియమం. కొత్త సాక్ష్య చట్టంలోనూ అది నిలిచింది. బెయిలు ఇచ్చేటప్పుడు పాత కేసులు చూడటం వేరు. అది తెరచాటు లేకుండా, ముద్దాయి వకీలుకు జవాబు చెప్పే అవకాశమిచ్చి చెయ్యాలి. కాని ఒక మీట నొక్కితే ఆ మనిషి మీద ఎక్కడెక్కడో వున్న అనుమానాలన్నీ తెరమీద వరస కడితే, విచారణ జరిపే జడ్జి చూడకుండా వుండగలడా? చూసినది మరచిపోగలడా? అందుచేత కోర్టు ఏమి పంపాలన్నది ఎంత ముఖ్యమో, కోర్టు ఏమి చూడకూడదన్నదీ అంత ముఖ్యం. ఈ రెండవదాన్ని గురించి మనవాళ్లు మాట్లాడటం తక్కువ.

మూడవది, చెరిపివేత. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం, విడుదలైనవాడి కొలతలూ ఫొటోలూ నాశనం చెయ్యాలన్నది. కోర్టుగాని మేజిస్ట్రేటుగాని వద్దంటే తప్ప. 2022లో దాని స్థానంలో వచ్చిన చట్టం కంటిపాప ముద్రలనుంచి జీవకణ నమూనాల దాకా తీసుకోవచ్చునని, వాటిని జాతీయ నేరరికార్డుల సంస్థ 75 సంవత్సరాలు భద్రపరచవచ్చునని అన్నది. నిర్దోషి అని తేలినవాడివి, అప్పీళ్లన్నీ అయిపోయాక, చెరిపివెయ్యాలి. అక్కడ కూడా కోర్టో మేజిస్ట్రేటో కారణాలు రాసి వద్దనవచ్చు. చట్టంలో మాట బాగానే వుంది. కాని ఆ విడుదల తీర్పు ఆ రికార్డు దాకా తనంతట తాను నడిచివెళ్లి చెరపదు. కోర్టు పంపాలి, అటువైపు ఒకరు అందుకోవాలి, చేశామని జవాబు రావాలి. మూడు నడకల్లో ఏ ఒక్కటి ఆగినా 75 ఏళ్ల మాట నిజమవుతుంది.

దీని బరువు ఖైదీ మీద ఎలా పడుతుందో 2024 జూలై 1 నుంచి అమలులో వున్న కొత్త ప్రొసీజరు చట్టంలోని 479వ సెక్షను చూపుతుంది. మరణశిక్షో యావజ్జీవమో పడగల నేరాలు తప్ప మిగతావాటిలో, గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగా గడిపినవాణ్ణి వదలాలి; ఇదివరకెన్నడూ శిక్ష పడనివాణ్ణి మూడోవంతుకే వదలాలి. జైలు సూపరింటెండెంటు తానే కోర్టుకు దరఖాస్తు పెట్టాలి. మంచిదే. కాని ఒకటికి మించిన కేసులు నడుస్తూంటే ఈ మేలు లేదని అదే సెక్షను అంటుంది. ఇంతకుముందు శిక్ష పడిందా, ఇంకో కేసు నడుస్తున్నదా అని సూపరింటెండెంటు చూసేది ఎక్కడ? ఆ ఉమ్మడి రిజిస్టరులోనే. ఎప్పుడో కొట్టేసిన కేసు అక్కడ ఇంకా 'నడుస్తున్నది' అని కనిపిస్తే, ఆ మనిషి లోపలే వుంటాడు. రుదుల్ సాహ్‌ను జైల్లో వుంచటానికి ఒక ఫైలు మరుగున పడవలసివచ్చింది. ఇప్పుడు ఒక గడి దిద్దకపోతే చాలు.

ఇంతకూ కోర్టులు ఈ పుస్తకం విషయంలో ఏమీ చెయ్యలేదా? చేశాయి, నిజం చెప్పుకోవాలి. 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు, సున్నితమైన కేసులు మినహాయించి, ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో అందరికీ కనిపించేట్టు పెట్టమన్నది. మారుమూల ప్రాంతాలకు 72 గంటల దాకా గడువిచ్చింది. రహస్యంగా పుట్టే కాగితాన్ని వెలుగులోకి లాగిన పని అది. 2021 జూలైలో ఆగ్రా జైలు వ్యవహారం బయటపడింది. సుప్రీంకోర్టు బెయిలిచ్చిన 13 మంది రోజుల తరబడి లోపలే వున్నారు. కారణం, ధ్రువీకరించిన నకలు టపాలో రావాలి! నేరం జరిగిన నాటికి వాళ్లు మైనర్లు. పధ్నాలుగేళ్లకు పైగా జైల్లో గడిపినవాళ్లు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, ఇంకా పావురాలు ఉత్తర్వు తెస్తాయని ఆకాశంకేసి చూస్తున్నామని మండిపడి, కోర్టు ఉత్తర్వులు నేరుగా జైలుకు చేరే ఏర్పాటుకు పూనుకున్నారు. 2022 మార్చి 31న అది మొదలయింది. 2023 జనవరి 31న మరో ఉత్తర్వు వచ్చింది: బెయిలిచ్చిన కోర్టు ఆ రోజో మర్నాడో జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి నకలు పంపాలి, బెయిలు తేదీ జైలు సాఫ్టువేరులో ఎక్కాలి, ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జిల్లా న్యాయసేవా సంస్థకు తెలియజెయ్యాలి.

ఈ మూడింటిలోనూ ఒక దిశ వుంది. నూటయాభై ఏళ్లుగా మాట స్టేషనునుంచి కోర్టుకు పైకి ఎక్కుతూ వచ్చింది. ఇక్కడ కోర్టు మాట కిందికి, ఖైదీ చేతిలోకి దిగుతున్నది. దిగిందా లేదా అని అడిగేవాడు కూడా ఏర్పడ్డాడు. 2024లో మరో రెండు అడుగులు పడ్డాయి. మే 7న ఢిల్లీ శాసనసభ్యుడొకరి కేసులో, వెనకబడిన కులాలవాళ్లనీ దళితులనీ ఆదివాసులనీ గుడ్డి అనుమానంతో షీట్లలోకి ఎక్కించటాన్ని సుప్రీంకోర్టు తనంతట తాను చర్చకు తెచ్చి, రాష్ట్రాలన్నిటినీ తమ విధానం చూసుకోమన్నది. అక్టోబరు 3న, సుకన్యా శాంత అనే విలేఖరి వేసిన కేసులో, జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమన్నది. 1871లో రిజిస్టరును ప్రశ్నించరాదని నోరు కట్టేయించుకున్న న్యాయస్థానం, 2024లో ఆ రిజిస్టరు గడులనే కొట్టివేసింది. ఈ దారి న్యాయమూర్తుల దయ వల్ల ఏర్పడలేదు. డినోటిఫైడ్ తెగలు, ఖైదీల కుటుంబాలు, పత్రికల్లో రాసినవాళ్లు, ఫీజు లేకుండా వాదించిన వకీళ్లు తోస్తే ఏర్పడింది.

అయితే ఉత్తర్వు వేరు, యజమాన్యం వేరు. ఉమ్మడి వ్యవస్థకు ఆలోచన సుప్రీంకోర్టు ఈ-కమిటీదే. కాని రెండవ దశను అమలుపరుస్తున్నది జాతీయ నేరరికార్డుల సంస్థ. 1986లో పుట్టిన ఆ సంస్థ హోంమంత్రిత్వ శాఖ కింద వుంది. కోర్టుల వైపు పుస్తకాలకు వేరే డబ్బు, వేరే కమిటీ. ఈ-కోర్టుల మూడవ దశకు 2023లో 7,210 కోట్లు మంజూరయ్యాయి. ప్రతి కేసుకూ పదహారు అక్షరాల గుర్తింపు సంఖ్య వుంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఇంత బహిరంగమైన కోర్టు పుస్తకం, అంత మూతబడిన పోలీసు పుస్తకంతో చేతులు కలిపేటప్పుడు కొన్ని షరతులు పెట్టవలసింది కోర్టే. తీర్పు వచ్చిన రోజునే పోలీసు గడి దానంతట అది మారాలి. మార్చటం పోలీసు ఇష్టానికి వదలరాదు. శిక్ష పడిన కేసూ, నడుస్తున్న కేసూ, కొట్టేసిన కేసూ, వట్టి అనుమానమూ ఒకే జాబితాలో ఒకే రంగులో కనిపించరాదు. తన మీద ఏముందో చూసుకునే హక్కు ప్రతివాడికీ వుండాలి. తప్పు దిద్దమని మేజిస్ట్రేటును అడిగే దారి వుండాలి. ఎవరు ఎప్పుడు ఏ పేరు వెతికారన్న చిట్టా కోర్టు ముందుకు రావాలి. ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు. అట్టపుస్తకాల కాలంలో తాలూకా కోర్టు శిరస్తాదారు తన రికార్డు గది తాళంచెవి పోలీసు జమేదారుకు ఇచ్చేవాడు కాదు.

మా కాలేజీలో చదివిన కుర్రవాడొకడు ఆ మధ్య నా దగ్గరికి వచ్చాడు. స్కాలర్‌షిప్పుల సమ్మెలో రోడ్డుకు అడ్డం కూర్చున్నందుకు అతని మీదా మరి పదిమంది మీదా కేసు పెట్టారు. కోర్టు కొట్టేసింది. తర్వాత అతనికి ఉద్యోగం వచ్చింది. పోలీసు విచారణ దగ్గర ఆగింది. ఇద్దరం కలిసి స్టేషనుకు వెళ్లాం. కానిస్టేబులు మర్యాదగానే కూర్చోబెట్టాడు. కంప్యూటరులో చూసి, "కేసు వుంది కదండీ" అన్నాడు.

"కొట్టేశారండీ. ఇదిగో నకలు," అని కుర్రవాడు కాగితం చూపించాడు.

కానిస్టేబులు దాన్ని చివరిదాకా చదివాడు. అబద్ధమని అనలేదు. "నిజమే గానీ, మాస్టారూ, ఇది మా దానిలోకి రాలేదండీ. వచ్చేదాకా నేను లేదని ఎలా రాస్తాను?" అన్నాడు. అతని తప్పు కూడా లేదు. తన తెరమీద వున్నదే అతను రాయగలడు.

బయటికి వచ్చాక కుర్రవాడు తిన్నగా కోర్టుకు వెళ్లి, మరో మూడు నకళ్లకు దరఖాస్తు పెట్టాడు. ఒకటి స్టేషనుకు, ఒకటి జిల్లా పోలీసు కార్యాలయానికి, మూడవది ఎప్పుడూ తన జేబులో వుంచుకోవటానికి.